ఇంగ్లాండ్‌లో మీ కౌన్సిల్ వేసే గృహహింస ప్లాన్‌లో మన తెలుగు ఆడవాళ్ల లెక్క పడాలంటే ఏం చెయ్యాలి

ఇంట్లో ఇప్పుడే ప్రమాదంగా ఉంటే ఇదంతా చదవక్కర్లేదు, ముందు 999కి ఫోన్ చెయ్యండి. మొబైల్ నుంచి చేసి నోరు విప్పలేని పరిస్థితి అయితే, అడిగినప్పుడు 55 నొక్కితే కాల్ పోలీసులకి వెళ్తుంది. అంత అత్యవసరం కాదు, ఎవరితోనైనా మాట్లాడాలి అంటే నేషనల్ డొమెస్టిక్ అబ్యూస్ హెల్ప్‌లైన్ ఉంది, 0808 2000 247, ఫ్రీ, 24 గంటలూ పనిచేస్తుంది.

మిగతాదంతా తెలుగు అసోసియేషన్లు నడిపేవాళ్ల కోసం. బతుకమ్మకి, సంక్రాంతికి హాల్ బుక్ చెయ్యడానికి కౌన్సిల్‌కి మెయిల్ పెడతాం కదా, అదే కౌన్సిల్‌కి ఈ విషయం మీద కూడా ఒక మెయిల్ పెట్టాలి, ఎందుకంటే ఎంత అవసరం ఉందో లెక్క చూసుకునే వాళ్లు ప్లాన్ వేస్తారు, మన ఆడపిల్లలేమో ఎక్కడా కంప్లైంట్ ఇవ్వరు, దాంతో ఆ లెక్కలో ఉండరు.

ముందు మీకు ఏ కౌన్సిల్ వస్తుందో చూస్కోండి. డొమెస్టిక్ అబ్యూస్ యాక్ట్ 2021లో నాలుగో భాగం ప్రకారం, ఇల్లు వదిలి వచ్చే బాధితులకి సాయం ప్లాన్ చేసే బాధ్యత పెద్ద కౌన్సిళ్లది, అంటే స్లౌ, రీడింగ్, మిల్టన్ కీన్స్‌లో అయితే అక్కడి కౌన్సిలే, కెంట్ లాంటి చోట కౌంటీ కౌన్సిల్, కింద ఉన్న డిస్ట్రిక్ట్ కౌన్సిళ్లు సహకరించాలి. లండన్‌లో ఇది గ్రేటర్ లండన్ అథారిటీ చేతిలో ఉంటుంది, కానీ బరోలు కూడా ఆడవాళ్ల మీద హింస గురించి సొంత స్ట్రాటజీలు రాస్కుంటాయి కాబట్టి ఈస్ట్ హామ్‌లో ఉండేవాళ్లు న్యూహామ్‌ది కూడా చూడండి.

వాళ్లు చేసే పని వరస ఇది. ముందు నీడ్స్ అసెస్‌మెంట్, అంటే ఇల్లు వదిలి వచ్చేవాళ్లకి, వాళ్ల పిల్లలకి ఎంత సాయం కావాలో లెక్క. తర్వాత స్ట్రాటజీ రాసి పబ్లిష్ చెయ్యాలి, మూడేళ్లకోసారి తిరిగి చూడాలి. దీనికి ఒక పార్ట్‌నర్‌షిప్ బోర్డు ఉంటుంది, అందులో కౌన్సిళ్లు, వైద్యం, పోలీసు లేదా న్యాయం వైపు వాళ్లతో పాటు బాధితుల తరఫున, వాళ్ల పిల్లల తరఫున, స్వచ్ఛంద సంస్థల తరఫున కూడా మనిషి ఉండి తీరాలి.

కౌన్సిల్ సైట్‌లో సేఫ్ అకామడేషన్ స్ట్రాటజీ అని వెతకండి. అసెస్‌మెంట్ దొరక్కపోతే ఎఫ్‌ఓఐ (అక్కడి సమాచార హక్కు చట్టం) కింద అడగండి, 20 వర్కింగ్ డేస్‌లో జవాబివ్వాలి. దొరికాక మొత్తం చదవలేకపోయినా పర్లేదు, భాషల పట్టిక చూడండి. అందులో మనల్ని "ఇతర దక్షిణాసియా" అని ఒకే గీతలో కలిపేసుంటే మీ ఉత్తరం అక్కడే మొదలవ్వాలి. అంకెలు ఎక్కడ్నుంచి తెచ్చారో కూడా చూడండి, పోలీసు కేసులు, మారక్ మీటింగులు (బాగా ప్రమాదంలో ఉన్నవాళ్ల గురించి అన్ని శాఖలూ కలిసి కూర్చునేవి), రెఫ్యూజ్ (హింస తప్పించుకుని వచ్చినవాళ్లు తలదాచుకునే చోటు) ఖాళీలు, ఇంతవరకే ఉంటే గడప దాటని అమ్మాయి అందులో ఎలా కనపడుతుంది చెప్పండి.

ఇంక ఉత్తరంలో ఏం రాయాలి. అన్నిటికన్నా గట్టిగా రాయాల్సింది వీసా సంగతి. భర్త స్టూడెంట్ వీసా మీదో వర్క్ వీసా మీదో వస్తే డిపెండెంట్‌గా వచ్చిన అమ్మాయికి పబ్లిక్ ఫండ్స్ (బెనిఫిట్స్ లాంటి సర్కారు సాయం) ఉండవు, రెఫ్యూజ్‌లో అద్దె ఎక్కువగా హౌసింగ్ బెనిఫిట్ మీదే నడుస్తుంది, అది రాదు కాబట్టి గది ఉన్నా చేర్చుకోలేకపోతారు. 2024 ఫిబ్రవరి నుంచి ఇలాంటి భార్యలు కూడా హోమ్ ఆఫీస్‌కి అప్లై చేసి మూడు నెలల పాటు పబ్లిక్ ఫండ్స్ తీసుకునే వీలుంది, కానీ దాంతో ఉన్న వీసా మారిపోతుంది, మూడు నెలల తర్వాత ఏంటన్నది పెద్ద ప్రశ్న, అందుకని ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా ఎవర్నీ అప్లై చెయ్యమనకండి. కౌన్సిల్‌ని సూటిగా అడగండి, ఫండ్స్ లేనివాళ్లకి మీ ప్లాన్‌లో విడిగా డబ్బు ఎంత పెట్టారు, ఆ మూడు నెలలు అయ్యాక ఎవరు చూస్తారు అని.

రెండోది భాష. హిందీ వస్తుంది కదా అని హిందీ ఇంటర్‌ప్రెటర్‌ని ఇస్తే గుంటూరు నుంచి వచ్చిన పిల్ల ఏం చెప్పుకుంటుంది? తెలుగు మనిషే కావాలి, అదీ వేరే ఊళ్లో ఉండి ఫోన్‌లో మాట్లాడేవాళ్లయితే మంచిది, ఎందుకంటే మనవాళ్లందరూ ఒకళ్లకొకళ్లు తెలిసినవాళ్లే, బయటికి పొక్కుతుందనే భయం నిజమైనదే. భర్తని, అత్తగారిని, పిల్లల్ని ఇంటర్‌ప్రెటర్‌గా పెట్టకూడదని రాతలో ఉండాలని అడగండి.

అత్తమామల సంగతి కూడా రాయండి, చట్టంలో బంధువులు కూడా వస్తారు, కొట్టడం ఒక్కటే కాదు, జీతం లాక్కోవడం, పాస్‌పోర్ట్ దాచెయ్యడం లాంటివీ వస్తాయి. ఇవన్నీ చూసే పిల్లల్ని కూడా చట్టం బాధితులుగానే లెక్కేస్తుంది.

రాసేటప్పుడు ఒక్క అమ్మాయి కథ కూడా పెట్టకండి, పేరు తీసేసినా మన చిన్న గుంపులో ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ఎలాంటి ఇబ్బందులు కనిపిస్తున్నాయో మాత్రం రాస్తే చాలు.

పనిలో పనిగా అసోసియేషన్‌లో కూడా ఒక రూల్ పెట్టుకోండి, భార్యాభర్తల్ని కూర్చోబెట్టి పెద్దమనుషుల పంచాయితీ చెయ్యొద్దు. సర్దుకుపో అమ్మా అని పంపిస్తే ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మనకి తెలీదు. ఆమెతో ఒంటరిగా మాట్లాడండి, హెల్ప్‌లైన్ నంబర్ ఇవ్వండి, కుదిరితే సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ (హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సంస్థ) లాంటి వాళ్లతో కలపండి.

ఉత్తరం పంపాక బోర్డులో బాధితుల తరఫున కూర్చునేది ఎవరో అడిగి వాళ్లకీ ఒక కాపీ పంపండి. స్ట్రాటజీ మళ్లీ ఎప్పుడు తిరగరాస్తారో తేదీ కనుక్కొని మీ అసోసియేషన్ కమిటీ మారినా పోకుండా మీటింగ్ మినిట్స్‌లో రాసిపెట్టండి, డ్రాఫ్ట్ మీద అభిప్రాయాలు అడిగే టైమ్ తక్కువ ఉంటుంది కాబట్టి ఉత్తరం ముందే రెడీగా ఉంచుకోండి.