పడిపోయిన చేతికి పని చెబుదాం – 4వ పాఠం: కంచం దగ్గర

కిందటి పాఠంలో పక్షవాతం వచ్చిన మనిషిని భుజానికి ఆసరా ఇచ్చి ఎలా కూర్చోబెట్టాలో చూశాం. ఈసారి చేతిని అన్నంలోకి దింపుదాం.

ఒడిశాలో పర్లాకిమిడి, రాయగడ వైపు మన ఇళ్లలో పక్షవాతం వచ్చిన మనిషికి బంతి ఇచ్చి నొక్కమంటారు. కాసేపు నొక్కాక రోజంతా ఆ చెయ్యి ఒళ్లోనే ఉంటుంది. అన్నం కోడలు కలిపి పెడుతుంది, గుండీలు కొడుకు పెడతాడు. అంతా ప్రేమతోనే. కానీ అవసరం పడకపోతే, బలం కొంత తిరిగొచ్చినా ఆ చేతిని వాడాలని మనిషికి తోచదు. ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ సంగతి మీదే ఒక చికిత్స రూపొందించారు. మంచి చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేత్తోనే పనులు చేయిస్తారు. ఈ చికిత్సను పరీక్షించిన ఎక్సైట్ అనే అధ్యయనం 2006లో వెలువడింది, అందులో పక్షవాతం వచ్చిన 222 మంది పాల్గొన్నారు. రెండు వారాల ఈ చికిత్స పొందినవారి చేతి వాడకం మెరుగైంది, ఆ మెరుగు ఏడాది తర్వాతా నిలిచింది.

తొడుగు మాత్రం ఇంట్లో మీరే వేయకండి. మణికట్టు, వేళ్లు కొంతైనా పైకి లేచేవారికే అది పనికొస్తుంది. మనిషి తూలి పడిపోయే ప్రమాదం కూడా ఉంది. అది థెరపిస్టు నిర్ణయించాల్సిన విషయం.

మనం చేయగలిగింది భోజనం. కుడి చెయ్యి పడిపోయినవారికి పఖాళతో (నీళ్లలో నానిన అన్నంతో) మొదలుపెట్టకండి, నీళ్లలో మెతుకులు జారిపోతాయి. మొదట ఇడ్లీ ముక్కలు, అవి పట్టు దొరికాక గట్టిగా కలిపిన ముద్దపప్పన్నం. కుర్చీలో కూర్చోబెట్టి, మోచేయి బల్ల మీద ఆనించండి. కంచం కింద తడిబట్ట వేస్తే జరగదు. మొదటి నాలుగు ముద్దలు ఆ చేత్తోనే తినాలి, మిగతావి ఎలాగైనా సరే. వేళ్లు బిగుసుకుంటే లాగి విప్పకండి. మణికట్టును మెల్లగా లోపలికి వంచితే కాస్త వదులవుతాయి. చేతికి స్పర్శ తగ్గి ఉంటే వేడి తెలియదు, కాబట్టి అన్నం చల్లార్చే పెట్టండి.

ఎడమ చెయ్యి పడిపోయినవారి సంగతి ఇంకా కష్టం, ఎందుకంటే కుడిచేత్తో భోజనం సాగిపోతుంది కాబట్టి ఎడమ చేతిని ఎవరూ పట్టించుకోరు. దొడ్డికి వెళ్లినప్పుడు కడుక్కోలేక ఆ మనిషి పడే బాధ పైకి చెప్పరు. అందుకే ఎడమ చేతికి ఇప్పుడే పని ఇవ్వాలి: కంచం అంచు పట్టుకోవడం, సగం చన్నీళ్లున్న చెంబును ఆపడం. వేళ్లు అసలు కదలకపోయినా అరచేత్తో కంచాన్ని అదిమి ఉంచవచ్చు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. ముద్ద జారితే వెంటనే అందుకోకండి. "నాన్నా, నెమ్మదిగా కానివ్వు, తొందరేం లేదు" అని పక్కన కూర్చోండి. భుజం నొప్పి వస్తే మాత్రం ఆపేయండి. చెయ్యి పట్టి ఎప్పుడూ పైకి లాగవద్దు.

రాత్రి నోటుబుక్‌లో రెండు అంకెలు వేయించండి: ఆ చేతిని ఎంత వాడారు, ఎంత బాగా చేశారు, 0 నుంచి 5 వరకు. అంకె ఆయనే చెప్పాలి, మీరు కాదు. వచ్చే పాఠంలో గుండీలు, తువ్వాలు. అప్పటికి ఒక వారం అంకెలు చేతిలో ఉండాలి.