ప్లేస్టేషన్ ఎమ్యులేటర్‌లో సంగీతం రాకపోతే

అమలాపురంలో పాత ల్యాప్‌టాప్ మీద గేమ్ నడిపితే దెబ్బల చప్పుళ్లు వినిపించాయి, సంగీతం లేదు. తప్పు ఎమ్యులేటర్‌ది (ప్లేస్టేషన్ గేములను కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రాం) కాదు, డిస్కు నకలైన ఐఎస్ఓ ఫైలుది. కొన్ని గేముల సంగీతం డిస్కులో డేటా వెనక విడి ఆడియో ట్రాకులుగా ఉంటుంది. ఐఎస్ఓ సెక్టారుకు, అంటే డిస్కులోని ఒక్కో చిన్న ముక్కకు, 2,048 బైట్లే దాస్తుంది. ఆడియో సెక్టారుకు 2,352 కావాలి. అందుకే డిస్కును బిన్ (డిస్కులోని సమాచారం ఉండే ఫైలు), క్యూ (ట్రాకుల జాబితా, బిన్ పేరు ఉండే టెక్స్ట్ ఫైలు) జంటగా మళ్లీ తీశాను. ఎమ్యులేటర్‌లో క్యూనే తెరవాలి. బిన్ పేరు మార్చి ఉంటే, క్యూను నోట్‌ప్యాడ్‌లో తెరిచి లోపలి పేరు కూడా అక్షరం పొల్లుపోకుండా సరిచేయాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

ఆ తర్వాత చిటపటలు మిగిలాయి, అదీ కరెంటు పోయినప్పుడే. బ్యాటరీ మీద ప్రాసెసర్ నెమ్మదించి, గేమ్ వేగం 100 శాతం కంటే తగ్గి, ఆడియో బఫర్ (శబ్దాన్ని ముందుగా కాస్త నిల్వ ఉంచే చోటు) ఖాళీ అవుతోంది. పవర్ సేవర్ తీసేసి, బఫర్ 50 నుంచి 100 మిల్లీసెకన్లకు పెంచాక ఆగాయి. ముందు వేగం నిలబడాలి. లేకపోతే ఎంత బఫరైనా ఎండిపోతుంది.