స్థానిక మొక్కజాతి సంరక్షణ స్థితిని మదింపు చేసే విధానం

ఒక మొక్క అరుదుగా కనిపిస్తోందన్న కారణంతోనే అది అంతరించిపోతోందని చెప్పలేము. ఒకే కొండ మీద కొద్ది సంఖ్యలో తరతరాలుగా నిలకడగా బతుకుతున్న జాతులు ఉన్నాయి; అలాగే ఇప్పటికీ లక్షల్లో ఉంటూ ఏటికేడు వేగంగా తరిగిపోతున్న జాతులూ ఉన్నాయి. ఈ రెండు పరిస్థితులను ఒకే పద్ధతిలో బేరీజు వేయడానికి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి, అంటే ఐయూసీఎన్, రూపొందించిన రెడ్ లిస్ట్ (జాతులను అంతరించే ముప్పును బట్టి వర్గాలుగా చూపే జాబితా) ప్రమాణాలు ఉపకరిస్తాయి. 1964లో ఆరంభమైన ఆ జాబితా మొదట్లో ఎక్కువగా నిపుణుల అభిప్రాయం మీదే ఆధారపడింది. 1994లో అంకెలతో కూడిన ప్రమాణాలు వచ్చాయి. నేడు వాడుకలో ఉన్న 3.1 కూర్పు 2001లో వెలువడింది. మదింపు చేసేవారు నిర్ణయించేది ఒక వర్గమే అయినా, దాని వెనుక ఉన్న ఆధారాలు ఎంత గట్టివో ఆ వర్గానికీ అంతే విలువ ఉంటుంది కాబట్టి, శ్రమలో అధికభాగం లెక్కలకు ముందే పడాలి.

మొదట పేరు తేల్చుకోవాలి. ఒకే మొక్కకు రెండు మూడు శాస్త్రీయ నామాలు ఉండవచ్చు. ఒకే పేరు కింద రెండు వేర్వేరు జాతులు కలిసిపోయి ఉండవచ్చు. లండన్‌లోని క్యూ వృక్షశాస్త్ర ఉద్యానవనం నిర్వహించే ప్రపంచ మొక్కల సమాచార నిధి వంటి చోట ఆమోదిత నామాన్ని, పర్యాయనామాలను సరిచూసుకొని, ఆ పేర్లన్నింటి కింద ఉన్న నమూనాలను సేకరించాలి. ఆ జాతి సహజంగా పెరిగే ప్రాంతం ఏదో కూడా ఇక్కడే నిర్ణయించుకోవాలి. తోటల్లో నాటినవి, సహజ పరిధికి బయట మనుషులు తీసుకువెళ్లి పెంచినవి సాధారణంగా లెక్కలోకి రావు.

తరువాతిది హెర్బేరియం పని, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలను భద్రపరిచే చోట చేసేది. పాత నమూనా పత్రాన్ని దగ్గరగా చూస్తే ఎండిన కొమ్మ పక్కన ఒక చీటీ, దాని మీద సేకరించిన వ్యక్తి పేరు, తేదీ, ఊరి పేరు, 'ఆరు మైళ్ల ఉత్తరాన, వాగు ఒడ్డున' వంటి ఒక మాట మాత్రమే ఉంటాయి. అక్షాంశ రేఖాంశాలు ఉండవు. ఆ మాటను పటం మీద బిందువుగా మార్చేటప్పుడు, ఆ బిందువు ఎన్ని కిలోమీటర్ల మేర అటూ ఇటూ కావచ్చో కూడా రాసి ఉంచాలి. ఆన్‌లైన్ నిధుల నుంచి దించుకున్న బిందువులను మరింత జాగ్రత్తగా చూడాలి: సముద్రంలో పడినవి, జిల్లా కేంద్రం నడిబొడ్డున పడినవి, వృక్షశాస్త్ర ఉద్యానవనం లోపల పడినవి దాదాపు ఎప్పుడూ తప్పులే. పూలు, కాయలు లేని నమూనాలను పోలికలున్న మరో జాతిగా పొరబడే అవకాశం ఎక్కువ కాబట్టి, వాటిని నిపుణులు చూసిన తరువాతే లెక్కలోకి తీసుకోవాలి. ఎనభై ఏళ్ల నాటి నమూనా ఆ చోట మొక్క ఒకప్పుడు ఉండేదని చెబుతుందే తప్ప, ఇప్పుడూ ఉందని చెప్పదు.

అందుకే క్షేత్ర పరిశీలన తప్పదు. వాన పడ్డాక కొన్ని వారాలే నేల పైన కనిపించి, మిగతా ఏడాదంతా దుంపగా మట్టిలో ఉండే మొక్కను వేసవిలో వెతికి లేదని రాయడం అన్యాయం. కనిపించని చోట కూడా ఎవరు, ఏ నెలలో, ఎంతసేపు, ఎంత మేర వెతికారో నమోదు చేయాలి. ఆ వివరాలు లేని 'లేదు' అన్న మాట ఆధారంగా నిలబడదు.

లెక్కించవలసింది పరిపక్వ మొక్కలనే, అంటే సంతానాన్ని ఇవ్వగల స్థితిలో ఉన్నవాటినే. వందల మొలకలు కనిపించినా వాటిని కలపకూడదు. అయితే మొలకలు ఉన్నాయా, మధ్య వయసు మొక్కలు ఉన్నాయా అన్నది విడిగా రాసుకోవాలి. ముసలి చెట్లు మాత్రమే మిగిలి, వాటి కింద పిల్ల మొక్క ఒక్కటీ లేకపోతే నేటి సంఖ్య ఎంత ఉన్నా రేపటి పరిస్థితి వేరు. భూగర్భ కాండంతో పాకే మొక్కల్లో, విడిగా బతకగల ప్రతి పునరుత్పత్తి భాగాన్నీ ఒక మొక్కగా లెక్కిస్తారు. ఆడ, మగ మొక్కలు వేరుగా ఉండే జాతుల్లో నిష్పత్తి ఒకవైపు ఒరిగినప్పుడు తక్కువ అంచనానే తీసుకోవాలి. దక్షిణాఫ్రికాలోని న్గోయే అడవిలో 1895లో కనుగొన్న ఎన్సెఫలార్టోస్ వుడీ అనే మొక్క ఇందుకు విషాదకరమైన ఉదాహరణ. ఆ జాతిలో తెలిసినవన్నీ మగ మొక్కలే. ఇప్పుడది పెంపకంలో మాత్రమే మిగిలింది.

ఇక విస్తీర్ణాల లెక్క. తెలిసిన బిందువులన్నింటినీ లోపల ఇముడ్చుకునేలా గీసిన అతి చిన్న కుంభాకార బహుభుజి (ఏ మూలా లోపలికి వంగని ఆకారం) వైశాల్యం వ్యాప్తి పరిధి. రెండు కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల వెడల్పు గల గళ్లతో పటాన్ని విభజించి, మొక్క ఉన్న గళ్లను కూడితే వచ్చేది ఆవాస విస్తీర్ణం. జియోక్యాట్ అనే ఉచిత సాధనం ఈ రెండింటినీ వెంటనే లెక్కకట్టి ఇస్తుంది. వ్యాప్తి పరిధి 100 చదరపు కిలోమీటర్ల లోపైతే తీవ్ర ఆపద, 5,000 లోపైతే ఆపద, 20,000 లోపైతే ఆపదకు లోనుకాగల స్థితి. ఆవాస విస్తీర్ణానికి ఈ హద్దులు వరుసగా 10, 500, 2,000. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, అది సరికాదు. విస్తీర్ణం తక్కువగా ఉండటంతో పాటు మూడు షరతుల్లో కనీసం రెండు నెరవేరాలి: మొక్కలు తీవ్రంగా ముక్కలైన గుంపులుగానో, కొద్ది లొకేషన్లలోనో మాత్రమే ఉండటం, క్షీణత కొనసాగుతూ ఉండటం, సంఖ్యలో విపరీతమైన హెచ్చుతగ్గులు ఉండటం.

లొకేషన్ల లెక్కలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయని నా అభిప్రాయం. ఇవి సేకరణ స్థలాలు కావు. ఒకే ముప్పు ఒక్క దెబ్బతో ప్రభావితం చేయగల ప్రాంతమంతా ఒక లొకేషన్. 1994లో ఆస్ట్రేలియాలో కనుగొన్న వొలెమీ పైన్ చెట్లు మారుమూల లోయల్లో చిన్న గుంపులుగా ఉన్నాయి. 2019-20 కార్చిచ్చులు అటు వచ్చినప్పుడు వాటిని కాపాడటానికి నీటి పైపులు అమర్చి, విమానాల నుంచి అగ్నినిరోధకాన్ని చల్లవలసి వచ్చింది. ఆ గుంపులను విడివిడిగా లెక్కపెట్టి ఎక్కువ చోట్ల ఉన్నాయని సంతృప్తి పడితే అసలు ముప్పు కంటికి కనబడదు.

ఒక పొద జాతిని ఊహించుకుందాం. సరిచూసిన బిందువులు 14 గళ్లలో పడ్డాయి, అంటే ఆవాస విస్తీర్ణం 56 చదరపు కిలోమీటర్లు. వ్యాప్తి పరిధి 1,800. రాతి తవ్వకం, పశువుల మేత, ఆనకట్ట అనే మూడు ముప్పుల ప్రకారం లొకేషన్లు మూడు. ఉపగ్రహ చిత్రాల్లో ఆవాసం తరుగుతూనే ఉంది. రెండు విస్తీర్ణాలూ ఆపద వర్గపు హద్దుల్లోనే ఉన్నాయి, లొకేషన్లు ఆ వర్గానికి హద్దు అయిన అయిదుకు మించలేదు, క్షీణత కొనసాగుతోంది కాబట్టి ఇది ఆపదలో ఉన్న జాతి. ఆ క్షీణతకు ఆధారం లేకపోయి ఉంటే, అవే విస్తీర్ణాలతో ఈ ప్రమాణం కింద అది ఆ వర్గంలోకి వచ్చేది కాదు.

విస్తీర్ణం ఒక ప్రమాణమే. మిగతా నాలుగింటినీ కూడా పరీక్షించి, మొత్తం అయిదింటిలో అత్యధిక ప్రమాదాన్ని సూచించిన వర్గాన్ని స్వీకరించాలి. పదేళ్లు లేదా మూడు తరాలు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే ఆ కాలంలో సంఖ్య ఎంత తగ్గిందన్నది ఒకటి: తగ్గుదలకు కారణం ఇంకా తొలగనప్పుడు ఆ మూడు వర్గాలకు వరుసగా 80, 50, 30 శాతాలు హద్దులు. తరం అంటే తొలి పూత వయసు కాదు, ప్రస్తుత సంతతికి తల్లిదండ్రులైన మొక్కల సగటు వయసు. నెమ్మదిగా పెరిగే చెట్లలో మూడు తరాలు వందేళ్లు దాటడం మామూలే, అందుకే పాత అటవీ పటాలు ఇక్కడ అమూల్యమైనవి. చిన్న సంఖ్యతో పాటు క్షీణత ఉన్న జాతులకు ఒక ప్రమాణం, మరీ చిన్న సంఖ్య ఉన్నవాటికి ఇంకొకటి ఉన్నాయి. పరిపక్వ మొక్కలు 50కి లోపుంటే ఇతర షరతులేవీ లేకుండానే తీవ్ర ఆపద వర్గం వర్తిస్తుంది. అయిదవది గణిత నమూనాలతో అంతరించే సంభావ్యతను లెక్కించేది. మొక్కలకు దానికి తగిన సమాచారం అరుదుగానే దొరుకుతుంది.

ఆధారాలు నిజంగా చాలనప్పుడు 'సమాచారం చాలనిది' అన్న వర్గం ఉంది. దానిని సులువైన దారిగా వాడకూడదు; ఆ వర్గంలో పడిన జాతికి రక్షణ ప్రణాళికల్లో చోటు దక్కడం కష్టం. అనిశ్చితి ఉంటే కనిష్ఠ, గరిష్ఠ, అత్యంత సంభావ్య విలువలు మూడూ రాసి, ముందుజాగ్రత్త వైపు మొగ్గుతూనే వాస్తవికంగా నిర్ణయించాలి. అంతరించిందని ప్రకటించడానికి మాత్రం, అనువైన ఆవాసాలన్నింటిలో తగిన ఋతువుల్లో క్షుణ్ణంగా గాలించి, చివరి మొక్క చనిపోయిందనడంలో సహేతుకమైన సందేహం మిగలకూడదు.

ఒక దేశానికో రాష్ట్రానికో పరిమితమైన మదింపులో అదనంగా ఒక మెట్టు ఉంది: సరిహద్దు అవతలి మొక్కల నుంచి విత్తనాలు వచ్చి ఇక్కడి సంఖ్యను నిలబెట్టగలవా అని చూసి, అవసరమైతే వర్గాన్ని సవరించాలి. జాతి ఆ ప్రాంతానికే పరిమితమైతే ఈ సవరణ వర్తించదు.

చివరగా వర్గంతో పాటు ప్రమాణం, పటం, ముప్పులు, అంచనాల వెనుక కారణాలు అన్నీ రాసి, మదింపులో పాల్గొనని మరొకరిచేత సమీక్ష చేయించాలి. అలంకారం కోసమో ఔషధం కోసమో దొంగతనంగా తవ్వుకుపోయే జాతులైతే కచ్చితమైన స్థానాలను బహిరంగ పత్రంలో ఇవ్వకుండా, సమీక్షకులకు మాత్రమే అందించాలి. పదేళ్లు దాటిన మదింపును కాలం చెల్లినదిగా పరిగణిస్తారు. మళ్లీ చేసినప్పుడు ప్రమాదం పెరిగిందని తేలితే వర్గాన్ని వెంటనే మార్చాలి. తగ్గిందని తేలితే, పై వర్గపు ప్రమాణాలేవీ అయిదేళ్ల పాటు వర్తించకుండా ఉన్నాకే కింది వర్గానికి దించాలి.