వికలాంగుల హక్కుల కోసం నిలబడే కొత్త నాయకులను గుర్తించడం ఎలా, వారికి అండగా నిలవడం ఎలా?

మండల వికలాంగుల సంఘానికి కొత్త నాయకత్వం కావలసి వచ్చినప్పుడు, మైకు ముందు తడబడకుండా మాట్లాడేవారి మీదికే అందరి చూపూ పోతుంది. మాటకారితనం పనికివచ్చేదే అయినా, నాయకత్వ లక్షణం ముందుగా బయటపడేది పనిలోనే. ఒంగోలులోనో నెల్లూరులోనో వైకల్య ధ్రువపత్రాల కోసం పరీక్షలు చేసే సదరం శిబిరం జరిగే రోజున ఆసుపత్రి వరండాలో కాసేపు కూర్చుని గమనించండి. తన పరీక్ష పూర్తయినా ఇంటికి బయలుదేరకుండా, పక్క ఊరి నుంచి వచ్చిన చూపులేని పెద్దాయనకు కాగితంలో ఏముందో చదివి వినిపించి, మళ్లీ ఎప్పుడు రావాలో ఆయన కోడలికి విడమరిచి చెప్పే అమ్మాయి కనిపిస్తే, ముందు ఆమె పేరు రాసుకోవాలి. తన పింఛను మంజూరైన తరువాత కూడా పొరుగువారి అర్జీ పట్టుకుని సచివాలయానికి తిరిగే మనిషిని సంఘం వదులుకోకూడదు.

గమనించవలసిన రెండో గుణం, తన బాధకు కారణం అడగడం. పొదిలి, దర్శి ప్రాంతాల నీటిలోని ఫ్లోరైడు ఎముకలను వంచుతోందని, అవి నెల్లూరు జిల్లాలో ఉన్న కాలంలో, 1937లోనే వైద్య పరిశోధకులు వెల్లడించారు. అటువంటి ఊళ్లలో నడుము వంగిపోవడాన్ని తలరాతగా సరిపెట్టుకునేవారి మధ్య, మంచినీళ్లు ఎందుకు రావడం లేదని గ్రామసభలో నిలదీసేవారు తన కష్టాన్ని ఊరి హక్కుగా చూడడం మొదలుపెట్టినట్లే.

మన కళ్లకు ఆనని వారిని పనిగట్టుకుని వెతకాలి. మూడు చక్రాల బండి మీద తిరిగే మగవారు సమావేశానికి ఎలాగో చేరుకుంటారు. ఇంట్లోవాళ్లు పంపని ఆడపిల్లలు, వినికిడి లేనివారు, మేధో వైకల్యం ఉన్నవారు ఆగిపోతారు. కాబట్టి సమావేశం మేడ మీద పెట్టకూడదు, చీకటి పడేదాకా సాగదీయకూడదు. సంజ్ఞా భాష తెలిసినవారు దొరకకపోతే వీడియో కాల్‌లోనైనా ఒకరిని కూర్చోబెట్టాలి.

గుర్తించిన తరువాత మొదట చూడవలసింది దారి ఖర్చు. బస్సులో రాయితీ ఉన్నా, ఊరి నుంచి బస్టాండుకు ఆటో, తోడు వచ్చేవారి కూలి, మధ్యాహ్నం భోజనం ఎవరు పెట్టుకోవాలి? ఈ ఖర్చును సంఘం నిధి భరించకపోతే, డబ్బున్న ఇంటివారే నాయకులవుతారు. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

చట్టాన్ని ఉపన్యాసంగా కాక, ఒక అర్జీతో నేర్పాలి. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్న 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. దాని 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. నమోదైన ఫిర్యాదుపై రెండు వారాల లోపల విచారణ జరపాలి. తృప్తి కలగకపోతే జిల్లా కమిటీని ఆశ్రయించవచ్చు. 37వ సెక్షన్ ఇళ్లు, సాగుభూమి కేటాయింపుల్లో వికలాంగులకు 5 శాతం రిజర్వేషన్ ఇస్తూ, అందులో మహిళలకు ప్రాధాన్యం కల్పించింది. రాయలేనివారు సమాచార హక్కు దరఖాస్తును నోటితో చెబితే, దాన్ని రాతలో పెట్టడానికి సమాచార అధికారి సాయపడాలి. కొత్తవారి చేత మొదటి అర్జీని, ఉదాహరణకు ర్యాంపు లేని కార్యాలయం గురించి, వారి పేరుతోనే పెట్టించి, రసీదు వారి దగ్గరే ఉంచాలి. తేదీలు వారే చూసుకుంటారు.

అధికారి ముందు తోడువెళ్లినవారు ఒక నియమం పాటించాలి. ఆయన మీ వైపు తిరిగి ‘ఈమెకు ఏం కావాలి’ అని అడిగితే, జవాబు చెప్పకుండా ఆమె వైపు చూడండి. ఆమె తడుముకున్నా, ఆలస్యమైనా అందించకండి. 1995లో వికలాంగుల హక్కుల ఉద్యమకారుడు జావేద్ అబిదీ వంటివారు తొలి వికలాంగుల చట్టం కోసం ఢిల్లీ వీధుల్లోకి వచ్చినప్పుడు, తమ తరఫున మాట్లాడమని ఎవరికో అప్పగించి ఇంట్లో కూర్చోలేదు.

బరువంతా ఒక్కరి మీదే మోపకూడదు. చక్రాల కుర్చీలో గంటల తరబడి కూర్చోవలసి వచ్చేవారికి ఒంటి పుండ్లు వస్తాయి, జ్వరాలు వస్తాయి. అమ్మాయికి పెళ్లయితే ఊరు మారుతుంది. అందువల్ల ప్రతి పనికీ ఇద్దరిని జతచేసి, జమాఖర్చుల పుస్తకం, మినిట్సు, బ్యాంకు సంతకం వంటివి కూడా మొదటి ఏడాదిలోనే వారికి అప్పగించాలి.