మగ్గం ఆగిన చోట బట్టపై గీత పడకుండా ఎలా చూసుకోవాలి?

పత్తర్‌గట్టిలో ఒక దుకాణదారు థాను విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూపించాడు. ఒక్క మీటరులో మూడు అడ్డగీతలు! హైదరాబాద్ శివారు షెడ్లలో మరమగ్గాలు సరిచేస్తూ తిరిగే నాకు దీనికి ఎక్కడ విన్నా ఒకటే కారణం చెబుతారు: "కరెంటు నిలకడగా లేదు." కరెంటును తిట్టడం తేలిక. నా లెక్కలో చాలా గీతలకు బీజం పడేది మగ్గం కదిలేటప్పుడు కాదు, ఆగి ఉన్నప్పుడు.

ఒక సుద్దముక్క, ఒక స్పానరు, చేతిలో పట్టుకునే దీపం చాలు. ముందు బ్రేకుకు నూనె అంటిందేమో, బెల్టు వదులైందేమో చూడండి. బెల్టు జారితే మొదటి పేకపై (అడ్డపోగుపై) రీడు, అంటే పేకను బట్టలోకి నెట్టే దువ్వెన, కొట్టే దెబ్బలో బలం ఉండదు, అక్కడ బట్ట పలుచన అవుతుంది.

మగ్గం ఆపితే హీల్డులన్నీ (పడుగును, అంటే నిలువు పోగులను, పైకీ కిందికీ కదిపే చట్రాలు) ఒకే ఎత్తుకు వచ్చేలా చేతిచక్రం తిప్పి వదలండి. పడుగు పోగుల మధ్య నోరు తెరిచి వదిలేస్తే సగం పోగులు బిగువుగా, సగం వదులుగా సాగిపోతాయి. కరెంటు పోయినప్పుడు మగ్గం ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంది కాబట్టి ఈ పని తప్పదు. రాత్రంతా ఆపాలంటే పడుగు చుట్టిన బీముకు వేలాడే బరువులను తగ్గించండి, పాత స్థానానికి సుద్దగీత పెట్టండి. "నాకు గుర్తుంటుంది" అన్నవారిని నేను నమ్మను.

ఇక అసలు చిక్కు. ఆగిన సేపట్లో పడుగూ బట్టా సాగి, చివరి పేక నిలిచిన చోటు కొద్దిగా జరుగుతుంది. నేతగాడి వైపు జరిగితే రీడు దానిని సరిగా అందుకోదు, పలుచని గీత. హీల్డుల వైపు జరిగితే పేకలు ఇరుక్కుని దట్టమైన గీత. అందుకే మెయిన్ స్విచ్ ఆపి, చేతిచక్రంతో రీడును పూర్తిగా ముందుకు తెచ్చి చూడండి. రీడుకూ చివరి పేకకూ మధ్య సందు కనిపిస్తే నేసిన బట్టను ముందుకు లాగే టేకప్ పళ్లచక్రాన్ని ఒక పన్ను వెనక్కి వదలండి. రీడు బట్టను నెట్టి వదులు చేస్తుంటే ఒక పన్ను ముందుకు. ఒక్కటే! మామూలు మరమగ్గంలో ఒక పన్ను అంటే ఒక పేక. ఏకంగా మూడు పళ్లు తిప్పి, తరువాత నన్ను పిలిచేవారే ఎక్కువ.

పేక తెగి ఆగితే ఇంకో సంగతి. పేక ఉందో లేదో చూసి మగ్గాన్ని ఆపే పక్క ఫోర్కు రెండు పేకలకు ఒకసారే చూస్తుంది కాబట్టి నూలు లేకుండానే మగ్గం కొంత నడిచి ఉంటుంది. సగం పడిన పేకను తీసి, ఖాళీగా నడిచిన లెక్కనే వెనక్కి వదలాలి. ప్రతి పేకనూ చూసే మధ్య ఫోర్కు పెట్టుకోమని చెబితే ఖర్చు అంటారు, థాను వెనక్కి వస్తే అది ఖర్చు కాదేమో.

రీడు బట్టకు దగ్గరగా ఉండగా మగ్గాన్ని నడిపించే హ్యాండిల్ లాగకండి. వేగం అందుకోకముందే దెబ్బ పడుతుంది. అన్నిటికన్నా మేలు, అసలు ఆగకుండా చూసుకోవడం. మన ఎండాకాలపు పొడిగాలికి నూలు పోగులు తేలికగా తెగుతాయి, షెడ్డులో తేమ ఉంచండి.

జానెడు నేశాక దీపం బట్ట కిందుగా పట్టి చూడండి. గీత కనిపిస్తే గోటితో దువ్వి సర్దకండి, రంగు వేశాక అది మళ్లీ తేలుతుంది. ఆ పేకలు తీసేసి, మళ్లీ నేయండి.