స్క్రిప్టులకు శాండ్‌బాక్స్ కట్టేముందు భద్రతా లక్ష్యాలు రాయడం ఎలా?

శాండ్‌బాక్స్ అంటే స్క్రిప్ట్ హద్దు దాటకుండా కట్టే కంచె. అప్లికేషన్‌లో లువా అనే చిన్న ప్రోగ్రామింగ్ భాష పెట్టి కస్టమర్ల చేత స్క్రిప్టులు రాయిద్దామనగానే మా మధురవాడ కుర్రాళ్లు చేసే మొదటి పని సిస్టమ్‌నీ ఫైళ్లనీ తాకే ఓఎస్, ఐఓ లైబ్రరీలు పీకేయడం. "సేఫ్ అయిపోయింది సార్" అంటారు. దేని నుంచి సేఫ్ అంటే నోరు మెదపరు.

కావాల్సినవి ఒక తెల్ల కాగితం, పెన్ను. ఎక్సెల్ షీట్ వద్దు, గడులు నింపేసి పని అయిపోయిందనుకుంటారు.

1. స్క్రిప్ట్ ఎవరు రాస్తారు? మన ఉద్యోగా, కస్టమరా, ముక్కూ మొహం తెలియనివాడా? ఒక్కటే రాయండి. అనుమానముంటే మూడోవాడే.

2. ఏది కాపాడాలి? ఫైళ్లు, నెట్‌వర్క్, పక్క కస్టమర్ డేటా. రెండు నిమిషాల పని.

3. ఒక్కో లక్ష్యాన్నీ పరీక్షించగలిగే వాక్యంగా మార్చండి. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

"స్క్రిప్ట్ సర్వర్‌ని పాడు చేయకూడదు" అన్నది కోరిక, లక్ష్యం కాదు. "ఏ స్క్రిప్టూ 16 ఎంబీ మెమరీ దాటకూడదు, 50 మిల్లీసెకన్లలో ముగియకపోతే ఆపగలగాలి, ఆపాక మిగతా పని నడుస్తూనే ఉండాలి" అని రాయండి. అంకెలు మీ ఇష్టం, అంకె మాత్రం ఉండాలి.

అలా రాస్తేనే గుట్టు బయటపడుతుంది. లువాలో కౌంట్ హుక్ అని ఒకటుంది, స్క్రిప్ట్ కొంత నడిచాక మధ్యలో మన కోడ్‌ని పిలుస్తుంది. అది లెక్కపెట్టేది ఇన్‌స్ట్రక్షన్లను, గడియారాన్ని కాదు. ఒక స్ట్రింగ్‌ని అడిగినన్నిసార్లు రిపీట్ చేసే స్ట్రింగ్ డాట్ రెప్‌ని ఒక్కసారి పిలిస్తే చాలు, పెద్ద మెమరీ ముక్క అడిగేస్తుంది. ఆ పని సీ కోడ్ లోపల జరుగుతుంది కాబట్టి మధ్యలో హుక్ రాదు. నా సర్వర్ ఒకటి ఇలాగే అర్ధరాత్రి పడుకుంది. గ్లోబల్ స్ట్రింగ్ టేబుల్ తీసేశామంటారా? ప్రతి స్ట్రింగ్‌కీ లువా తగిలించే మెటాటేబుల్ దారిలో రెప్ ఇంకా అందుతూనే ఉంటుంది. హుక్ విసిరిన ఎర్రర్‌ని స్క్రిప్టే పీకాల్ అనే ఫంక్షన్‌తో పట్టేసుకుని మళ్లీ లూప్‌లో పడొచ్చు.

లువా మెమరీ అడిగిన ప్రతిసారీ లెక్కచూసి ఇచ్చే సొంత అలొకేటర్ పెడితే హద్దు నిలుస్తుంది. కాగితం మీద సమయం అని రాసుంటే మాత్రం స్క్రిప్ట్‌ని వేరే ప్రాసెస్‌లో నడపక తప్పదు, అదే చంపడానికి వీలైనది. లువా 5.2 నుంచి బైట్‌కోడ్‌ని, అంటే ముందే కంపైల్ చేసిన స్క్రిప్ట్‌ని, సరిచూసే వెరిఫయర్ కూడా లేదు కాబట్టి "టెక్స్ట్ మాత్రమే లోడ్ అవ్వాలి" అన్న వాక్యం కూడా చేర్చండి.

వేరే ప్రాసెస్ అంటే బరువని కొందరి గోల. విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉన్న కుర్సురా సబ్‌మెరైన్ ఎక్కినవాళ్లు ఆ ఇరుకు గుండ్రటి తలుపుల్లోంచి దూరే ఉంటారు. ఒక గదిలోకి నీళ్లొస్తే తలుపు బిగించి పక్క గది కాపాడుకోవడానికే అవి. పైథాన్ ఒకే గదిలో నెట్టుకొద్దామని ఆర్ఎగ్జెక్ అనే శాండ్‌బాక్స్ మాడ్యూల్ పెట్టుకుంది. కన్నాలు పూడ్చలేక 2003లో 2.3 వెర్షన్‌లో దాన్ని ఆపేసింది.

4. మీరు హామీ ఇవ్వనివి కూడా రాయండి. స్క్రిప్ట్ తప్పు లెక్క చెప్తే అది మన పూచీ కాదు, ఇలాంటివి.

5. ప్రతి వాక్యానికీ దాన్ని విరగ్గొట్టే స్క్రిప్ట్ ఒకటి రాసి నడపండి. అలాంటి స్క్రిప్ట్ రాయడానికే వీల్లేని వాక్యం కనిపిస్తే దాన్ని కొట్టేసి మూడో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.