ఎండాకాలం మొదట్లో తోటపనికి దిగేముందు

మార్చి, ఏప్రిల్‌లో నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పొద్దంతా ఎండ మండినా సాయంత్రం గాలివాన రావచ్చు. పనికి ముందు ఇవి చూసుకోండి.

- నీళ్లు పొద్దున్నే పెట్టండి. ముందు మట్టిలో వేలు గుచ్చి చూడండి, లోపల తడి ఉంటే ఆ రోజు వద్దు. చెల్క నేల (ఇసుక కలిసిన ఎర్ర నేల) తొందరగా ఆరుతుంది, నల్లరేగడి తడి పట్టుకుంటుంది. పక్కింటివాళ్లను చూసి పోయకండి. ఎండలో ఉన్న పైపులో నీళ్లు కాగుతాయి, చల్లబడేదాకా బయటికి వదలండి.
- లాన్ గడ్డి ఎత్తులో ఒకేసారి మూడో వంతుకు మించి కోయొద్దు.
- మొదళ్ల చుట్టూ పల్లి పొట్టు పరవండి, కాండానికి తగలకుండా.
- కుండీలు ఎత్తేముందు కట్టెతో కదపండి, కింద తేళ్లుంటాయి.
- మబ్బు పడితే యూరియా, మందులు ఆపండి.
- తడి చేతులతో మోటార్ స్విచ్ అస్సలు ముట్టొద్దు. ఉరుము వినపడగానే లోపలికి వచ్చేయండి.